సారా వ్యతిరేక ఉద్యమంపై డిసర్టేషన్: పాత పత్రికల నుంచి డేటా ఎలా తీయాలి?

ప్రశ్న: నెల్లూరు జిల్లా ఉద్యమం తీసుకున్నాను. తాగుడు బాధ ఎప్పటినుంచో ఉన్నదే కదా, 1992లోనే ఎందుకు పెల్లుబికింది? పత్రికల్లోంచి లెక్క ఎలా తీయాలి?

జవాబు 1: బాధ ఒక్కటే ఉద్యమాన్ని పుట్టించదు. అక్షరాస్యత కేంద్రాలు ఆడవాళ్లను రోజూ ఒకచోట కూర్చోబెట్టాయి, వాచకంలోనే సారా పాఠం ఉంది. ఉద్యమం మొదలైన నెల్లూరు జిల్లా ఊరు దూబగుంటను అక్కడి నుంచి చదవండి. వనరుల సమీకరణ సిద్ధాంతం (కూడే చోటు, సంఘటన లాంటి వనరులు దొరికినప్పుడే ఉద్యమం లేస్తుందనేది) ఇక్కడ బాగా అతుకుతుంది. సాపేక్ష లేమి (రావాల్సింది దక్కలేదన్న బాధే తిరుగుబాటుకు కారణమనే వాదన) ఒక్కదాంతో నెట్టుకురాలేరు.

జవాబు 2: పట్టికలో వార్తకు కాదు, ఘటనకు ఒక వరుస పెట్టండి: తేదీ, ఊరు, మండలం, రూపం (దుకాణం మూయించడం, సారా దుకాణాల వేలం అడ్డుకోవడం, ధర్నా), డిమాండు, పోలీసుల స్పందన. వార్త అచ్చయిన తేదీని ఘటన తేదీగా వేస్తే ఒకే ధర్నా రెండుసార్లు లెక్కకొస్తుంది. అందరూ చేసే తప్పు ఇదే. ముందు 50 వార్తలు ఇద్దరు విడివిడిగా కోడ్ చేయండి, అంటే చదివి ఆ వివరాలు పట్టికలో నింపండి. కప్పా (ఇద్దరి కోడింగ్ ఎంత కలిసిందో చెప్పే కొలత) 0.7 లోపుంటే నిర్వచనాలు సరిచేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇంకోటి, పత్రిక ఉద్యమాన్ని భుజానికెత్తుకున్నాక వార్తలు పెరుగుతాయి. దాన్ని ఉద్యమం పెరగడంగా రాసేయకండి. రెండో పత్రికతో, వేలం వాయిదాల రికార్డుతో సరిపోల్చండి.

జవాబు 3: 1993 ఏప్రిల్‌లో జిల్లా నిషేధం దగ్గరే ఆపకండి. అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. డిమాండు ఊరి దుకాణం నుంచి ఎన్నికల హామీ దాకా ఎలా మారిందో పట్టికలోని డిమాండు కాలమ్‌లోనే కనిపిస్తుంది.