ఎల్ సాల్వడార్ బంగారు గనులపై నిషేధం ఎత్తేసింది. జనం ఎదురుతిరగడం తప్పా?

కుప్పం కుర్రాడు:
మధ్య అమెరికాలో చిన్న దేశం, మన పాత అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దదంతే. 2017 మార్చిలో లోహాల గనులన్నిటినీ నిషేధించింది, ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. 2024 డిసెంబర్ 23న వాళ్ల పార్లమెంటే 57 ఓట్లతో ఆ చట్టాన్ని తీసేసింది. ఊళ్లవాళ్లు, చర్చి పెద్దలు వద్దంటున్నారు. నేను వాళ్ల వైపే. ఆ దేశానికి పెద్ద నది అంటే లెంపా ఒక్కటే, రాజధాని తాగే నీళ్లలో చాలా భాగం దానివే, కరెంటు డ్యాములూ దాని మీదే. అది పాడైతే ఇంకో నది ఎక్కణ్ణుంచి తెస్తారు?

పత్తికొండ రైతుబిడ్డ:
నీళ్లు ముఖ్యం కాదని ఎవరంటారు అన్నా. కానీ అప్పుల్లో ఉన్న దేశం, కుర్రాళ్లంతా అమెరికాకు వలస పోతున్నారు, కాళ్ల కింద బంగారం ఉంటే తవ్వుకోవద్దా? మా పక్కన జొన్నగిరిలో బంగారు గని అంటే ఉద్యోగాలొస్తాయని ఎదురుచూసే ఇళ్లు నాకు తెలుసు. వలస బాధ పడ్డవాడికే తెలుస్తుంది. పైగా కొత్త చట్టంలో పాదరసం వాడకూడదన్నారు, గనులు ప్రభుత్వం చేతిలోనే ఉంటాయన్నారు.

కెమిస్ట్రీ టీచర్:
పాదరసం ఆపినంత మాత్రాన అయిపోలేదండీ, పెద్ద గనుల్లో రాయి నుంచి బంగారం విడదీయడానికి వాడేది సైనైడ్. ఇప్పుడు చాలా ఓపెన్ గనుల్లో టన్ను రాయికి ఒకటో రెండో గ్రాముల బంగారమే దొరుకుతుంది. అంటే పది గ్రాముల గొలుసుకి ఐదు నుంచి పది టన్నుల రాయి పగలగొట్టి, పిండిలా రుబ్బి, సైనైడ్ నీళ్లలో కలపాలి. బంగారం వాళ్లు తీసుకుపోతారు, ఆ బురద మాత్రం కట్ట వెనక అక్కడే ఉండిపోతుంది. రొమేనియాలో బాయా మారె దగ్గర 2000 జనవరి 30న వానకీ కరిగిన మంచుకీ అలాంటి కట్టే తెగింది, సుమారు లక్ష ఘనపు మీటర్ల విషపు నీళ్లు తిసా నదిలోకి, అక్కణ్ణుంచి డాన్యూబ్‌లోకి పోయాయి. ఒక్క హంగరీలోనే వెయ్యి టన్నులకు పైగా చేపలు చచ్చాయి. సైనైడ్ అయితే ఎండకి కొంత విరిగిపోతుంది. రాయిలో గంధకం ఉంటే దానికి గాలీ నీళ్లూ తగిలి ఆమ్లం పుడుతూనే ఉంటుంది, గని మూసేసినా ఆగదు. ఎల్ సాల్వడార్‌లోనే సాన్ సెబాస్తియాన్ నది చూడండి, పాత గని ఎప్పుడో ఆగిపోయింది, నీళ్లు ఇప్పటికీ నారింజ రంగే.

పత్తికొండ రైతుబిడ్డ:
పాత గనులు చూపించి కొత్తవి ఆపితే ఎలా సార్? టెక్నాలజీ మారింది కదా.

డాలస్ అక్క:
టెక్నాలజీ సంగతి అలా ఉంచు తమ్ముడూ, అడిగిన వాళ్లకి ఏమైందో చూడు. ఎల్ సాల్వడార్‌లోనే కబాన్యాస్ ప్రాంతంలో ఎల్ డొరాడో బంగారు గని వద్దన్న మార్సెలో రివేరా 2009లో కనిపించకుండా పోయారు, తర్వాత బావిలో శవం దొరికింది. ఆ గనికి అనుమతి ఇవ్వలేదని పసిఫిక్ రిమ్ కంపెనీ 25 కోట్ల డాలర్లు కట్టమని దేశం మీదే కేసు వేస్తే, ఏడేళ్లు నడిచి 2016లో ఆ దేశమే గెలిచింది. అంత కష్టపడి తెచ్చుకున్న చట్టాన్ని అధ్యక్షుడు బుకేలే అడిగారని, ఊళ్లని ఒక్క మాట అడక్కుండా తీసేశారు. నా బాధ అదీ.

కుప్పం కుర్రాడు:
టెక్నాలజీ మారిందన్న తమ్ముడికి మా ఇంటి సంగతి చెప్తా. మా తాత కేజీఎఫ్‌లో, అంటే కోలార్ బంగారు గనిలో కూలీ, లైన్‌లో ఒకే గది ఇల్లు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, జీతాలు పోయాయి, సైనైడ్ దిబ్బలు మాత్రం గుట్టల్లా అలాగే ఉన్నాయి. గాలి లేస్తే ఆ బూడిదరంగు పొడి వీధుల్లోకి వస్తుంది. మా అమ్మమ్మ నీళ్ల బిందె మీద తడిగుడ్డ కప్పి, చుట్టూ తాడు కట్టేది. ఆరేసిన బట్టలు దులిపితే చేతికి అంటేది. 120 ఏళ్లు బంగారం తీసిన ఊళ్లో కుర్రాళ్లు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు కూలికి పోతున్నారు, నువ్వు చెప్పిన ఉద్యోగాలు ఏవి మరి?

పత్తికొండ రైతుబిడ్డ:
ఇది నాకు తెలీదన్నా. అయినా దేశమంతటా పూర్తి నిషేధం అంటే ఒప్పుకోలేను. ఊరి వాళ్లని అడగాలి అంటే మాత్రం ఒప్పుకుంటా. మన పక్కనే ఒడిశా నియమగిరిలో బాక్సైట్ తవ్వాలా వద్దా అని 2013లో 12 గ్రామసభల్ని అడిగారు, 12కి 12 వద్దన్నాయి, అక్కడితో ఆగింది. ఎల్ సాల్వడార్‌లోనూ అలా అడగాల్సింది.

డాలస్ అక్క:
అక్కడ చలాతెనాంగోలో కొన్ని ఊళ్లు 2014 నుంచి సొంతంగా ఓటింగ్ పెట్టుకున్నాయి తమ్ముడూ. గని వద్దనే వేశారు.

పత్తికొండ రైతుబిడ్డ:
సరే అక్కా. మా వైపు అడిగితే మాత్రం నేను అవుననే వేస్తా.

కుప్పం కుర్రాడు:
వెయ్యి తమ్ముడూ, నీ ఓటు నీది. వేసే ముందు ఒక్కసారి బంగారపేటలో దిగి మారికుప్పం రైలెక్కు. ఆషాఢం గాలప్పుడే రా.