హోషేయ 6:3లో "అనుసరించుదము రండి": మూలంలో ఉన్న మాట ఏది?

ప్రశ్న:
అందరికీ వందనాలు. హోషేయ 6:3లో "యెహోవానుగూర్చిన జ్ఞానము సంపాదించుకొందము రండి" అని ఉంది. వెంటనే "యెహోవానుగూర్చిన జ్ఞానము సంపాదించుకొనుటకు ఆయనను అనుసరించుదము రండి" అని మళ్ళీ వస్తుంది. ఒకే మాట రెండుసార్లు ఎందుకు చెప్పినట్టు? పైగా జ్ఞానం సంపాదించడం చదువు సంగతి, అనుసరించడం నడత సంగతి. ఈ రెండూ ఎలా కలిశాయో హీబ్రూ తెలిసినవారు చెప్పగలరా?

జవాబు:
మంచి చోట ఆగారండి. నేను ఏళ్ళ తరబడి ఈ వచనం దగ్గరికే తిరిగి వస్తున్నాను.

హీబ్రూలో ఆ భాగం చాలా పొట్టిది. "వెనేద్‌ఆ, నిర్‌దెఫా లాదఅత్ ఎత్ యెహోవా." ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే: "ఎరుగుదాం, వెంటపడదాం, యెహోవాను ఎరగడానికి." ఇందులో 'సంపాదించు' లేదు, 'గూర్చిన' కూడా లేదు. 'యాదా' అంటే ఎరుగు. దాని కర్మ నేరుగా దేవుడే.

తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. "ఆయన గురించి నాకు తెలుసు", "ఆయన నాకు తెలుసు" అనే రెండు వాక్యాలు మనం రోజూ వాడతాం, ఎప్పుడూ కలగలపం. మొదటిదానికి నాలుగు పుస్తకాలు చాలు. రెండోదానికి ఆ మనిషితో గడిపిన కాలం కావాలి. ఆదికాండం 4:1లో ఆదాము హవ్వను 'కూడినప్పుడు' అని మనవాళ్ళు అనువదించిన చోట మూలంలో ఉన్నది ఈ 'యాదా'నే. అంత దగ్గరితనం ఉన్న మాట అది. యోహాను 17:3 దగ్గర మాత్రం మన అనువాదకులు మాటను సరిగ్గా పట్టుకున్నారు: "అద్వితీయ సత్యదేవుడవైన నిన్నును, నీవు పంపిన యేసు క్రీస్తును ఎరుగుటయే నిత్యజీవము." అక్కడ గ్రీకు క్రియ ఒకసారి జరిగి ముగిసిపోయే పనిని కాక, సాగుతూ ఉండే పనిని చెప్పే రూపంలో ఉంది.

ఇక 'అనుసరించుదము'. మూలంలోని 'రాదఫ్' ఇంత నెమ్మదైన మాట కాదు. నిర్గమకాండం 14లో ఫరో సైన్యం ఇశ్రాయేలీయులను తరిమిందే, ఆ తరమడం ఇదే క్రియ. కీర్తన 34:14లో "సమాధానము వెదకి దాని వెంటాడుము" అన్నదీ ఇదే. కీర్తన 23లో "కృపాక్షేమములే నా వెంట వచ్చును" అంటాం కదా, అక్కడా ఇదే! మనం దేవుణ్ణి వెంటాడకముందే ఆయన కృప మన వెంటపడుతోంది. నాకిది ఎంత ఆదరణో చెప్పలేను.

కాబట్టి రెండోసారి వచ్చింది ఉత్త పునరుక్తి కాదండి. ఎరుగుదాం అన్నాక, ఆ ఎరగడం పరుగుతో కూడిన పని అని అదే నోటితో చెబుతోంది.

మరొకరు:
ఒక సందేహమండి. ఈ మాటలు ప్రజలవి కదా? తర్వాతి వచనంలోనే దేవుడు వాళ్ళను గద్దిస్తాడు. ఆ పశ్చాత్తాపం పైపైదని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. అలాంటి మాటను జీవితకాలపు అన్వేషణకు ఆధారం చేసుకోవచ్చా?

జవాబు:
సరైన సందేహమే. 6:4లో తెల్లవారగానే ఎగిరిపోయే మేఘంలా, పొద్దెక్కగానే ఆరిపోయే మంచులా "మీ భక్తి నిలువకపోవును" అంటాడు. అయితే ఆయన తప్పు పట్టింది నిలవకపోవడాన్ని, వెదకడాన్ని కాదు. రెండు వచనాలు దాటగానే తన నోటితోనే "దహనబలులకంటె దేవునిగూర్చిన జ్ఞానము నాకిష్టమైనది" అంటాడు. ఇక్కడ 'జ్ఞానము' అన్నచోట మూలంలో ఉన్న 'దఅత్' కూడా 'యాదా' నుంచి వచ్చిందే. వాళ్ళు పలికిన మాటనే ఆయనా కోరాడు. పొద్దెక్కినా ఆరకుండా ఉండమన్నాడు.

వెంటపడడమనే మాట పౌలు దగ్గర మళ్ళీ కనిపిస్తుంది. క్రీస్తుకు ముందే గ్రీకులోకి వచ్చిన పాత నిబంధన అనువాదం సెప్టువజింతులో హోషేయ 6:3 'రాదఫ్'కు 'దియోకో' (తరుము, వెంటపడు) అనే క్రియ వేశారు. ఫిలిప్పీ 3వ అధ్యాయం గ్రీకులో చూడండి. 6వ వచనంలో పౌలు సంఘాన్ని 'హింసించువాడు': దియోకో. 12వ వచనంలో పట్టుకోవాలని 'పరుగెత్తుచున్నాను': దియోకో. 14లో గురియొద్దకు పరుగు, మళ్ళీ అదే. ఒకప్పుడు విశ్వాసులను తరిమిన కాళ్ళే ఇప్పుడు క్రీస్తు వెంట పడ్డాయి. దమస్కు దారిలో ఆయనను కలిసి 20 ఏళ్ళు పైబడ్డాక, సంకెళ్ళలో ఉండి, ఆయనను ఎరగడానికి సమస్తం నష్టపరచుకున్నానని రాస్తున్నాడు. అప్పటికి ఎరగలేదనా? ఎరిగినకొద్దీ ఇంకా ఎరగాలనిపించింది.

మా అమ్మ 80 దాటాక కూడా భూతద్దం పట్టుకుని ఈ ఫిలిప్పీ అధ్యాయం చదివేది. "ఇది ఎన్నోసారమ్మా?" అని అడిగితే, 'ఎరుగు' అన్న మాట మీద వేలు పెట్టి, "మొన్న చదివినప్పుడు ఇది ఇలా లేదురా" అంది. ఆ చోట కాగితం పల్చబడి వెనక అక్షరాలు కనిపిస్తుండేవి.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషమండి. అయితే "యెహోవాను ఎరుగుదము రండి, ఎరుగుటకు ఆయనను వెంటాడుదము రండి" అని రాసుకోవచ్చా?

జవాబు:
'ఎరుగుదము' నూటికి నూరుపాళ్ళూ సరే. 'వెంటాడు' దగ్గర కొంచెం తటపటాయిస్తాను. ఇప్పటి తెలుగులో అప్పులు వెంటాడతాయి, పీడకలలు వెంటాడతాయి. నేనైతే "విడువక వెంబడించుదము" అంటాను. సువార్తల్లో "నన్ను వెంబడించుము" అని విన్న చెవులకు ఆ మాట దగ్గరది, పరుగు కూడా అందులో కొంత మిగులుతుంది.

'రండి' మాత్రం తీసెయ్యకండి. నిజానికి హీబ్రూలో అది 6:1లోనే ఉంది, ఈ వచనంలో లేదు. కానీ ఇక్కడి క్రియలు రెండూ 'మనమందరం చేద్దాం' అనే రూపంలోనే ఉన్నాయి. ఆ పిలుపు తెలుగులో వినిపించాలంటే 'రండి' ఉండాల్సిందే.