సిమ్లాలో మూడు రోజులకీ కారు మాట్లాడుకోవాలా, వద్దా?

చలిచీమ: మేలో అమ్మానాన్నలతో సిమ్లా వెళ్తున్నాం, మూడు రోజులు. అమ్మకి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. చండీగఢ్‌లో కారెక్కితే మళ్లీ చండీగఢ్‌లోనే దిగాలని అన్నయ్య. టాయ్ ట్రైన్‌లో వెళ్దాం, తిరగడం సంగతి అక్కడ చూసుకోవచ్చని నేను. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

ఘాట్‌రోడ్డు: మీ అన్నయ్యదే రైటు. పెద్దవాళ్లని తీసుకెళ్తూ కారు లేకపోతే ఎలా? టెన్షన్ తప్ప ఏం మిగలదు.

పల్లీచట్నీ: ఆ కారు మాల్ రోడ్డు, అదే కొండ మీదుండే మెయిన్ బజారు, ఎక్కదండీ. మాల్, దాని పక్కనే ఉన్న రిడ్జ్ మైదానం మీదికి టూరిస్టుల బండ్లని రానివ్వరు. కింద కార్ట్ రోడ్డులో దిగాల్సిందే. అక్కడి నుంచి కారున్నవాళ్లకీ లేనివాళ్లకీ ఒకటే ఎక్కుడు. మేం కారు పెట్టుకునే వెళ్లాం. రెండో రోజంతా అది పార్కింగ్‌లో పడుకుంది, మేం నడిచాం. డబ్బులు మాత్రం మూడు రోజులకీ కట్టాం. అమ్మగారికి కావాల్సింది లిఫ్ట్. కార్ట్ రోడ్డు నుంచి మాల్‌కి టూరిజం వాళ్లది ఉంది. ఒకటి ఎక్కి, మధ్యలో దిగి, ఇంకోటి ఎక్కాలి. సీజన్‌లో ఆ క్యూ చూస్తే తిరుమల గుర్తొస్తుంది, అది వేరే సంగతి.

ఘాట్‌రోడ్డు: మరి ఊరి బయటున్న కుఫ్రీకి, నార్కండాకి కూడా లిఫ్టేనా?

పల్లీచట్నీ: ఆ ఒక్క రోజుకి టాక్సీ మాట్లాడుకుంటే సరి.

సంచిభుజాన: కారు కంటే ముందు హోటల్ చూసుకోండి. మ్యాప్‌లో మాల్‌కి 200 మీటర్లే అని ఉంటుంది, వెళ్లాక చూస్తే అదంతా మెట్లే. ఫోన్ చేసి ‘ఎంత దూరం’ అని కాదు, ‘ఎన్ని మెట్లు’ అని అడగండి. సామాను మోయడానికి కూలీలు దొరుకుతారు, రేటు ముందే తేల్చుకోండి. ట్రైన్ మాత్రం వదులుకోవద్దు. కాల్కా నుంచి 96 కిలోమీటర్లు, నూటికి పైగా సొరంగాలు. బరోగ్ దగ్గరిదైతే కిలోమీటరు దాటుతుంది. 1903 నుంచి నడుస్తోంది.

ఘాట్‌రోడ్డు: అయిదు గంటలండీ! మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ ఇరుకు సీట్లో అంతసేపు కూర్చోవాలా? కారైతే ఎక్కడంటే అక్కడ ఆపి కాళ్లు చాపుకోవచ్చు.

సంచిభుజాన: ఇది ఒప్పుకుంటా. మా అత్తయ్య బరోగ్ స్టేషన్‌లో దిగి అటూ ఇటూ నడిచాకే కుదుటపడింది. కానీ ఘాట్ రోడ్డు మీద కార్లో ఆవిడకి వాంతులు, ట్రైన్‌లో అది లేదు. ఎవరి ఒళ్లు వాళ్లకే తెలుస్తుంది. అమ్మగారినే అడగండి, మీరిద్దరూ కొట్టుకోవడం దేనికి?

చలిచీమ: అడిగా. వెళ్లేటప్పుడు ట్రైన్, వచ్చేటప్పుడు కారు అంది. అన్నయ్య సగం ఒప్పుకున్నాడు. జాఖూ హనుమంతుడి గుడికి మాత్రం నడిచే ఎక్కుతానంటోంది!

పల్లీచట్నీ: వద్దని చెప్పండి, రిడ్జ్ దగ్గర రోప్‌వే ఉంది. ఇంతకీ మీ ఇంట్లో ఎవరెవరు కళ్లజోడు పెట్టుకుంటారు? అక్కడి కోతులు ముందు దాన్నే లాక్కుపోతాయి.