ఆదివారం మూడింటికి ఫోను అరుస్తుందట, ఆపేయాలా?

బ్రాడీపేట, గుంటూరు. ఇప్పుడు కోవెంట్రీ

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ చదవడానికి వచ్చి పది రోజులైంది. సామాన్లు ఇంకా పూర్తిగా విప్పుకోలేదు, అప్పుడే ఒక బెంగ పట్టుకుంది. 2025 సెప్టెంబరు 7, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు బ్రిటన్‌లోని ఫోన్లన్నిటికీ ఇక్కడి ప్రభుత్వం అత్యవసర హెచ్చరిక ఒకటి పంపి పరీక్షిస్తుందట. ఫోను సైలెంటులో ఉన్నా సైరన్ మోగుతుందట. మా ఇంట్లో నలుగురం ఉంటాం, నలుగురివీ నాలుగు మాటలు. వీసా ఒప్పుకునే వారానికి 20 గంటలు దాటి పనిచేసే విద్యార్థులను పట్టుకోవడానికే ఇదంతా అని ఒకతను తేల్చేశాడు. అది మోగగానే ఫోనులో ఉన్నవన్నీ వాళ్లకు వెళ్లిపోతాయని ఇంకొకతను అంటున్నాడు. అమ్మకు వాట్సాప్‌లో ఎవరో ఏదో పంపారు, "ఆ పూట ఫోను కట్టేసి పడుకో నాన్నా" అంటోంది.

2023లో మన దేశంలోనూ ఇలాంటి పరీక్షలు జరిగాయి కదా. అప్పుడు మా నాయనమ్మ ఫోను పేలబోతోందనుకుని మంచం మీదికి విసిరేసింది. తీరా చూస్తే ఇది పరీక్ష సందేశం, పట్టించుకోవద్దని రాసి ఉంది. పట్టించుకోవద్దని చెప్పడానికి అంత కేక ఎందుకని ఆమె ఇప్పటికీ అడుగుతుంది.

దీన్ని ఆపేయడం ఎలాగో చెబుతారా? అసలు ఆపేయడం మంచిదేనా?

అరండల్‌పేట, గుంటూరు. ఇప్పుడు రీడింగ్

తమ్ముడూ, నాది సెల్ టవర్ల పనే. ముందు భయం సంగతి చూద్దాం. ఇది ఎస్సెమ్మెస్ కాదు. ఎస్సెమ్మెస్ పంపాలంటే నీ నంబరు తెలియాలి. ఇది సెల్ బ్రాడ్‌కాస్ట్, అంటే టవరు తన పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ వినబడేలా ఒక్క కేక వేస్తుంది. ఎవరు విన్నారో, ఎవరు వినలేదో దానికి తెలియదు. నీ ఫోను నుంచి తిరిగి ఏదీ వెళ్లదు. విజయవాడ ఆకాశవాణిలో వార్తలు చదివేవారికి బ్రాడీపేటలో మీ రేడియో మోగుతోందో లేదో తెలుస్తుందా? ఇదీ అంతే. లక్షల మందికి విడివిడిగా ఎస్సెమ్మెస్‌లు పంపితే నెట్‌వర్కు కిక్కిరిసి సగం మందికి ముప్పు దాటిపోయాక చేరుతుంది. కేకకు ఆ ఇబ్బంది లేదు, అందుకే ఈ పద్ధతి.

20 గంటల సంగతి చెబుతాను. గీత దాటినవాళ్లను పట్టుకోవడానికి సైరన్ అక్కర్లేదు, జీతం చీటీ చాలు. దాటకు.

ఆపేయడం కష్టమేమీ కాదు. ఐఫోనులో సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి అడుగు వరకు జరిపితే సివియర్ అలర్ట్స్, ఎక్స్‌ట్రీమ్ అలర్ట్స్ అని రెండు మీటలు ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి ఎమర్జెన్సీ అలర్ట్స్ అని వెతికితే దొరుకుతుంది. ఫోను కట్టేసినా, ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచినా మోగదు. 4జీ, 5జీ ఉన్న ఫోను మామూలుగా తెరిచి ఉంటే పది సెకన్ల పాటు మోగి, ఊగి ఆగిపోతుంది. నిజమైన హెచ్చరిక ఎప్పుడూ బ్యాంకు వివరాలు అడగదు. అడిగిందంటే అది దొంగల పని.

మొదటి పరీక్ష 2023 ఏప్రిల్ 23న జరిగింది, అదీ ఆదివారం మూడింటికే. కొన్ని ఫోన్లు ఒక నిమిషం ముందే అరిచాయి. ఒక నెట్‌వర్కులో చాలామందికి అసలు రానే లేదు. మా ఆఫీసులో మర్నాడు వచ్చిందని విసుక్కున్నవాళ్లూ, రాలేదని విసుక్కున్నవాళ్లూ సమానంగా కనబడ్డారు.

పాయకాపురం, విజయవాడ. ఇప్పుడు లీడ్స్

బాబూ, ఆపేయడం ఎలాగో పైన చెప్పారు. నేను వద్దని చెప్పడానికి రాస్తున్నాను.

పోయిన ఏడాది సెప్టెంబరు 1 కూడా ఆదివారమే. ముందురోజంతా కుండపోత. నాన్న టీవీ ముందు కూర్చుని ప్రకాశం బ్యారేజీ లెక్కలు చూస్తున్నారు. బెజవాడలో పెరిగినవాళ్లకు ఆ అంకెలు ఎక్కాల్లాగా నోటికి వస్తాయి. 3.97 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలైతే రెండోది. కృష్ణ పెరిగితే కృష్ణలంక వైపు వాళ్లకు గుబులు, నదికి ఇంత దూరాన ఉన్న మనకేమిటి అన్నది మా పేటలో లెక్క. ఆ లెక్కను నమ్ముకునే పడుకున్నారు.

నీళ్లు కృష్ణ నుంచి రాలేదు. వెనకవైపు నుంచి, బుడమేరు నుంచి వచ్చాయి. గుంటూరు వాళ్లకు అంతగా తెలియకపోవచ్చు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. వెలగలేరు దగ్గర దాని వరదను పక్కకు తిప్పి కృష్ణలోకి పంపే కాలువ ఒకటి ఉంది. ఆ సమయానికి కృష్ణే నిండి పొర్లుతోంది, బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. నిండిన కడవలో ఇంకేమి పోస్తారు? కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. పాల పాకెట్టు కోసం అమ్మ తలుపు తీసేసరికి మెట్ల మీద నీళ్లు. కాసేపటికి మోకాళ్ల లోతు. మధ్యాహ్నానికి మా కింది వాటా మునిగింది. పై వాటా వాళ్లు తలుపు తీసి అమ్మను, నాన్నను లోపలికి తీసుకున్నారు. నాలుగు రోజులు అక్కడే.

నేను ఇక్కడ ఫోను చేస్తూనే ఉన్నాను. కరెంటు లేదు, ఛార్జింగు లేదు, స్విచ్ ఆఫ్ అన్న మాట తప్ప మరొకటి వినబడలేదు. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేస్తున్న వీడియోలు వస్తే వాటిలో మా సందు కనబడుతుందేమోనని ఆపి ఆపి చూసేవాడిని.

నీళ్లు తీశాక నాన్న ఫోను బాగుచేయించి తెరిచాము. అందులో ఆ వేసవంతా వచ్చిన పిడుగుల సందేశాలు వరుసగా ఉన్నాయి. పొలాల్లో ఉండవద్దు, చెట్ల కింద నిలబడవద్దు. మా సందులో చెట్టే లేదు. బుడమేరు గురించి ఇంట్లో ఉన్న రెండు ఫోన్లలో ఒక్కదానికీ ఒక్క ముక్క రాలేదు.

అక్కర్లేనప్పుడు పది, కావలసినప్పుడు సున్నా. ప్రభుత్వ సందేశం గురించి మనకు ఇంటి దగ్గర కుదిరిన అభిప్రాయం ఇదే. దాన్ని పచ్చళ్ల సీసాలతో పాటు ఇక్కడికి తెచ్చుకుంటాం, మోగకముందే తిట్టుకుంటాం. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి ఒక సైరన్ మోగి ఉంటే మా నాన్న కూడా తిట్టేవారే. తిట్టుకుంటూనే బీరువాలోని కాగితాలు, అమ్మ బీపీ మాత్రలు పైకి చేర్చి ఉండేవారు.

గవర్నరుపేట, విజయవాడ. ఇప్పుడు గ్లాస్గో

అన్నగారూ, మీరు పడ్డది చదివి మనసు కలుక్కుమంది. అయినా నేను ఆపేసుకున్నాను, ఆ మాట దాచను. ఈ జనవరిలో ఏయోవిన్ తుపానప్పుడు స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో సుమారు 45 లక్షల మందికి హెచ్చరిక పంపారు. అప్పటికే టీవీ చెప్పింది, బడి సెలవు ఇచ్చింది, రైళ్లు ఆపేశామన్నారు, ఆఫీసు ఇంటి నుంచే పని చేయమంది. ఊరందరూ చెప్పాక చివరికి ఫోను చెప్పింది, అదీ కేకపెట్టి. అప్పుడే కన్నంటిన మా చంటిది బెదిరి రాత్రంతా నన్ను వదలలేదు.

నాన్నా పులి కథ మనందరికీ తెలిసినదే. ఇక్కడివాళ్లలోనూ నాలాంటివాళ్లు తక్కువేమీ కాదు. 2023లో మొదటి పరీక్షకు ముందు కన్సర్వేటివ్ నాయకుడు జాకబ్ రీస్-మాగ్ బాహాటంగానే ఆపేసుకోమన్నారు, ప్రభుత్వం పెద్దవాళ్లను పసిపిల్లల్లా చూస్తోందని ఆయన ఫిర్యాదు. ఆయనతో నాకు కుదిరే విషయాలు చాలా తక్కువ, ఇదొక్కటి కుదిరింది.

నగరంపాలెం, గుంటూరు. ఇప్పుడు బర్మింగ్‌హామ్, అబ్బాయి దగ్గర

గ్లాస్గో బాబూ, నాన్నా పులి కథలో చివర పులి వస్తుంది, అది మరిచిపోకు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను పదో తరగతి. మా మేనమామగారి ఊరు నిజాంపట్నం వైపు. రేడియోలో తుపాను కబురు చెబుతూనే ఉన్నారు. రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్న మాట ఏటా వినేదే, చెవులకు అలవాటైపోయింది. "పోయిన నెలలోనూ ఇలాగే చెప్పారు" అని మావయ్య గొడ్లకు గడ్డి వేయడానికి వెళ్లాడు. అంతకంటే రాయలేను.

తెనాలి. ఇప్పుడు కార్డిఫ్

నేను నర్సును. పోయిన డిసెంబరులో, డారా తుపానుకు ముందు సాయంత్రం, రాత్రి డ్యూటీకి బస్సులో వెళ్తున్నాను. వేల్స్‌లో, నైరుతి ఇంగ్లండ్‌లో ముప్ఫై లక్షల మందికి పైగా పంపిన హెచ్చరిక అది. బస్సులో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఎవరూ అరవలేదు, లేచి నిలబడలేదు. ఎప్పుడూ పక్కవాళ్ల ముఖం చూడని మనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. నా పక్కన పెద్దాయన తన ఫోను పాతదని, ఏమి రాశారో చదివి చెప్పమన్నారు. చదివాను. ఆయన తరువాతి స్టాపులోనే దిగి ఎదురు బస్సు కోసం రోడ్డు దాటారు.

ఒక నవ్వుల ముచ్చట. 2023 పరీక్షలో ఇక్కడ వెల్ష్ భాషలో పంపిన సందేశంలో "క్షేమంగా" అనే మాట పడాల్సిన చోట "వోగెల్" అని పడింది. అది స్లొవేనియాలో మంచు మీద జారే ఆట ఆడుకునే చోటు. అచ్చుతప్పులు మన సర్కారీ బోర్డుల సొత్తే అనుకునేదాన్ని.

నువ్వు ఇక్కడ బండి కొంటే గుర్తుంచుకో, నడుపుతుండగా మోగితే ఫోను చేతిలోకి తీసుకోకు. ఇక్కడ దానికి 200 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పాయింట్లు. కొత్త లైసెన్సు అయితే రెండేళ్లలోపు ఆరు పాయింట్లకే ఊడుతుంది. పక్కకు ఆపి చదువుకో.

నిర్వాహకుల నుంచి

ఒక సోదరి మాకు విడిగా రాసి పంపినది ఇది. పేరు, ఊరు వద్దన్నారు.

"అందరూ ఉంచుకోండి అంటున్నారు, మంచిదే. కానీ ఇంట్లో ఎవరికీ తెలియకుండా రెండో ఫోను దాచుకోవలసిన ఆడవాళ్లు మనలోనూ ఉన్నారు. నేను ఒకప్పుడు బియ్యం డబ్బాలో దాచాను. సైలెంటులో ఉన్నా మోగుతుందని తెలియకపోతే ఆ పది సెకన్లు ప్రాణం మీదికి వస్తాయి. గృహహింస బాధితులకు అండగా నిలిచే సంస్థలు 2023లోనే ఈ మాట చెప్పాయి, దాచిన ఫోనులో హెచ్చరికలు ఆపేసుకోమన్నాయి. ఆదివారానికి ముందే ఆపేయండి, లేదా పూర్తిగా కట్టేయండి. రెండూ చేస్తే మరీ మంచిది."

గవర్నరుపేట, విజయవాడ. ఇప్పుడు గ్లాస్గో

నేను చెప్పిన కారణం ఈ కారణం ముందు చాలా చిన్నది. ఆపేసుకోవడం మాత్రం ఆపను. మా ఆవిడ ఫోను తెరిచే ఉంటుంది, అది చాలు.

బ్రాడీపేట, గుంటూరు. ఇప్పుడు కోవెంట్రీ

అందరికీ ధన్యవాదాలు. ఆపేయలేదు. ఆదివారం మూడింటికి నలుగురం వంటింట్లో చేరి, రైస్ కుక్కరు పక్కన ఫోన్లు వరుసగా పెట్టాం. లాప్‌టాప్‌లో అమ్మ, నాయనమ్మ వీడియోలో ఉన్నారు, అక్కడ రాత్రి ఏడున్నర. నాదీ, ఇంకొకరిదీ ఒకేసారి మోగాయి, మూడోది కాస్త ఆగి. నాయనమ్మ అటునుంచి "విసిరెయ్ రా" అని కేక. నాలుగోది మోగలేదు. అది 20 గంటల సిద్ధాంతం చెప్పిన అతనిది. ముందురోజే ఆపేసుకున్నాడు. ఇప్పుడు అందరి ఫోన్లూ అడిగి తీసుకుని సందేశం చదువుతున్నాడు, తనకొక్కడికే రానట్టు ముఖం పెట్టి.

పాయకాపురం అన్నగారూ, మీరు రాసినది అమ్మకు చదివి వినిపించాను. పరీక్ష గురించి ఇక ఏమీ అనలేదు. ఆ నాలుగు రోజులూ మీ అమ్మగారికి బీపీ మాత్రలు దొరికాయా అని అడగమంది.

పాయకాపురం, విజయవాడ. ఇప్పుడు లీడ్స్

దొరికాయి. పై వాటా ఆవిడవీ అవే మాత్రలు.