చర్చ: ఎండాకాలంలో గాలం ఎంత లోతుకి వెయ్యాలి?

బెండుబాబు (విజయవాడ): ఎండలు ముదిరితే చేప అడుక్కి పోతుందని అందరూ అంటారు కదా, మా వైపు పాత క్వారీ గుంటలో గాలం నేలకి తగిలేలా వదిలితే బెండు కదలదు. అదే ఎర రెండు మూరలు పైకి లాగితే శీలావతి లాక్కెళ్తోంది. ఎందుకంటారు?

చెరువుగట్టు (గుంటూరు): నిలవ నీళ్లు కదా అన్నా. పైన వేడెక్కిన నీళ్లు తేలిక, కింద చల్లటివి బరువు, గట్టి గాలి వీస్తే తప్ప రెండూ కలవవు. అడుగున ఆకూ అలమూ కుళ్ళి అక్కడున్న కాస్త ఆక్సిజన్‌ని లాగేస్తాయి, వెలుతురు అంత లోతుకి పోదు కాబట్టి పాచి కొత్తగా తయారుచేసేదీ ఉండదు. పైనేమో 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు కరిగే ఆక్సిజన్, 30 డిగ్రీలకి ఏడున్నరే, అదీ వేడికి చేపకి ఇంకా ఎక్కువ కావాల్సిన టైములో. అందుకే పైన వేడి ఓర్వలేక, కింద ఊపిరాడక చేప మధ్యలో ఉంటుంది.

కాలవపిల్లోడు: బందరు కాలవకి ఇది వర్తించదు. పారే నీళ్లు పైదీ కిందదీ కలిసిపోతాయి, అక్కడ లోతు కన్నా నీడా, సుడి పక్కన నెమ్మదిగా ఉండే నీళ్లూ చూసుకోవాలి.

మార్పుమామ: ఏ చేపో చెప్పకుండా లోతు అడిగితే ఎలా బాబూ? బొచ్చె పైన తింటుంది, శీలావతి మధ్యలో, మోసు అడుగున. కొర్రమీను, మార్పు చేప అయితే పైకొచ్చి గాలి మింగేస్తాయి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా వాటికి టెన్షన్ లేదు. మిట్టమధ్యాహ్నం గుర్రపుడెక్క పక్కన బుడుంగున ఒక బుడగ లేస్తే కొర్రమీనేమో చూడండి.

బెండుబాబు: తెల్లారుజామున చేపలన్నీ పైనే కనిపిస్తున్నాయి మామా, ఒక్కటీ ఎర ముట్టదు.

చెరువుగట్టు: అది మేత కాదు, ఆయాసం. రాత్రంతా పాచి కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది, పొద్దు పొడిచే ముందు అన్నిటికంటే తక్కువ ఉంటుంది. కైకలూరు వైపు చెరువుల్లో రాత్రిళ్లు ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే మిషన్లు) తిప్పేది అందుకే. తినే చేప టప్పున కొట్టి మునుగుతుంది, ఇది నోరు నీటి మట్టానికి ఆనించి తెరుస్తూ మూస్తూ అలాగే ఉంటుంది, గట్టు మీద చప్పట్లు కొట్టినా చప్పున పోదు. ఎండెక్కాక రండి. మబ్బు పట్టిన రోజైతే ఇంకా ఆలస్యం. ఎండల తర్వాత గట్టి వాన పడినా ఇదే గొడవ, చల్లటి వాన నీళ్లు కిందికి దిగి అడుగున ఉన్న చెడ్డ నీళ్లని పైకి కలిపేస్తాయి.

కాలవపిల్లోడు: చలికాలం లోతుకే వెయ్యాలని యూట్యూబ్‌లో చెప్తున్నారు?

మార్పుమామ: అవి మంచు దేశాల వీడియోలు. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువు, పైన గడ్డ కట్టినా అడుగున ఆ 4 డిగ్రీలు ఉంటాయి, చేప అక్కడికి చేరుతుంది. మన గుంటూరు చలికి నీళ్లు ఆ దరిదాపులకి కూడా పోవు. జనవరిలో పది గంటలకి ఎండ తగిలే లోతు తక్కువ ఒడ్డు చూసుకోండి.

బెండుబాబు: లోతులో వేడి చూడ్డానికి జ్వరం థర్మామీటర్ పనికొస్తుందా?

చెరువుగట్టు: రాదు, అది 35 నుంచే మొదలు. అక్వేరియం షాపులో దొరికేది కొనండి. సీసాకి రాయి కట్టి, బిరడాకి వేరే తాడు కట్టి దింపండి, కావాల్సిన లోతులో బిరడా లాగి, నిండాక పైకి తీసి వెంటనే చూడండి. తాడుకి మూరకో ముడి వేసుకుంటే చాలు, ఏ ముడి దగ్గర ఉన్నట్టుండి చల్లబడిందో గాలం దానికి కాస్త పైన ఆపండి.