బైపీసీ చదివిన వారు కంప్యుటేషనల్ బయాలజీలో ఎమ్మెస్సీ చేయగలరా?

ప్రశ్న (బీఎస్సీ విద్యార్థిని, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఇంటర్‌లో బైపీసీ చదివి, ఇప్పుడు బెంగళూరులో బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. కిందటి సెమిస్టరు ప్రాక్టికల్స్‌లో మనిషి హీమోగ్లోబిన్ అమైనో ఆమ్లాల వరుసను, వరుసలను పోల్చి వెతికే బ్లాస్ట్ అనే ప్రోగ్రాంలో వేస్తే చేపల హీమోగ్లోబిన్‌తో పోలికలు వరుసగా తెర మీదకు వచ్చాయి. ఆ రోజు నుంచి ఇలా కంప్యూటరుతో జీవశాస్త్రాన్ని శోధించే కంప్యుటేషనల్ బయాలజీయే చదవాలన్న కోరిక నన్ను వదలలేదు. అయితే పదో తరగతి తరువాత నేను లెక్కల పుస్తకం తెరవలేదు. పైథాన్ రెండు నెలలుగా నేర్చుకుంటున్నాను. ఎంపీసీ నుంచి వచ్చిన వారి పక్కన కూర్చుని ఈ కోర్సు నెగ్గుకురాగలనా? ప్రోటీన్ల ఆకృతిని అంచనా వేసే కృత్రిమ మేధ ఆల్ఫాఫోల్డ్ వచ్చిన తరువాత ఈ చదువుకు విలువ తగ్గుతుందని మా నాన్నగారికి ఎవరో చెప్పారట, అది నిజమేనా?

జవాబు 1 (పీహెచ్‌డీ విద్యార్థిని, చెన్నై)

చెల్లీ, నేనూ బైపీసీ నుంచే వచ్చాను. ఎమ్మెస్సీ తొలి సెమిస్టరులో నన్ను ఇబ్బంది పెట్టినది కోడింగ్ కాదు, సంభావ్యత. ఒక ఉదాహరణ చెబుతాను. మనిషిలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు దాదాపు 20,000. రోగుల కణాలలోనూ ఆరోగ్యవంతుల కణాలలోనూ ఒక్కో జన్యువు ఎంత చురుకుగా ఉందో పోల్చి, పీ విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే సంభావ్యత) 0.05 కంటే తక్కువ వచ్చిన ప్రతి జన్యువునూ పట్టికలో చేర్చామనుకోండి. అసలు ఏ తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగానే వెయ్యి జన్యువుల దాకా ఆ పట్టికలోకి వచ్చేస్తాయి. ఆ వెయ్యిలో ఒకదానికి పాఠ్యపుస్తకంలో చదివిన పేరు ఉంటే, దాని చుట్టూ నమ్మదగిన కథ అల్లడం ఎంత సులభమో నేను స్వయంగా చూశాను. అందువల్ల ఈ వేసవిలో కలన గణితం గురించి బెంగపడకుండా సంభావ్యత, గణాంక శాస్త్రం, ఆ తరువాత మాత్రికలు చదవండి. ఆరు నెలలు శ్రద్ధగా కూర్చుంటే మొదటి ఏడాదికి సరిపడా వస్తుంది.

అల్గారిథమ్‌ల విషయంలో నా సలహా గ్రాఫ్ కాగితంతో మొదలుపెట్టమని. రెండు వరుసలను పక్కపక్కన పేర్చి పోల్చడానికి నీడిల్‌మన్, వున్ష్ 1970లో ప్రకటించిన పద్ధతిని చేత్తో చేయండి. అడ్డంగా ఎ-టి-టి-జి, నిలువుగా ఎ-టి-జి రాసుకుని, సున్నా వరుసనూ సున్నా నిలువునూ కలుపుకుని ఇరవై గళ్లు గీయండి. అక్షరాలు కలిస్తే +1, కలవకపోతే −1, ఖాళీ వదిలితే −2. ప్రతి గడికీ ఎడమ, పై, మూల గళ్ల నుంచి వచ్చే మూడు విలువలలో పెద్దదాన్ని రాసుకుంటూ వెళ్లడమే పని. అందులో కూడికా తీసివేతా తప్ప మరో లెక్క లేదు. ఆ కాగితం పూర్తయ్యాకే పైథాన్‌లో రాయండి.

జవాబు 2 (సాఫ్ట్‌వేర్ నుంచి జీనోమిక్స్‌కు మారిన ఉద్యోగి, బెంగళూరు)

నేను మీకు ఎదురు దిక్కు నుంచి వచ్చాను: ఎంపీసీ, కంప్యూటర్ సైన్స్, ఆ పైన ఎనిమిదేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ రంగంలో చేరిన కొత్తలో, జన్యువుల స్థానాలున్న ఒక బెడ్ ఫైలు ఆధారంగా డీఎన్ఏ వరుసలను కత్తిరించే ప్రోగ్రాం రాశాను. బెడ్ ఫైలులో లెక్క సున్నాతో మొదలవుతుందనీ, డీఎన్ఏలోని మార్పులను రాసే వీసీఎఫ్ ఫైలులో ఒకటితో మొదలవుతుందనీ నాకు అప్పటికి తెలియదు. ప్రోగ్రాం ఏ లోపమూ చూపకుండా నడిచింది. రెండు వారాల తరువాత, జీవశాస్త్రం చదివిన సహోద్యోగిని నా తెర వైపు ఒక్క నిమిషం చూసి, "ఇవేవీ ఏటీజీతో మొదలవడం లేదేమిటి?" అని అడిగారు. ప్రోటీన్ రాత మామూలుగా మొదలయ్యేది ఏటీజీతోనే. ఒక్క అక్షరం జరిగినందువల్ల మూడేసి అక్షరాల కోడాన్‌లన్నీ చెదిరి, ప్రోటీన్ మధ్యలో ముగింపును సూచించే స్టాప్ కోడాన్‌లు వచ్చిపడ్డాయి. ఆమెకు ఆ ప్రోగ్రాంలో ఒక్క పంక్తి కూడా అర్థం కాకపోయినా తప్పు ఎక్కడుందో అర్థమైంది. మీ బైపీసీ చదువును తక్కువగా అంచనా వేసుకోకండి.

జవాబు 3 (అధ్యాపకుడు, చెన్నై)

అమ్మా, మీ నాన్నగారి సందేహం సమంజసమైనదే కనుక దానికి జవాబు చెబుతాను. ప్రోటీన్ల ఆకృతిని అంచనా వేసిన కృషికి 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం ఆల్ఫాఫోల్డ్‌ను రూపొందించిన హసాబిస్, జంపర్‌లకు దక్కింది. అయితే ఆల్ఫాఫోల్డ్ నేర్చుకున్నది 1971లో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంకులో ప్రయోగశాలల వారు దశాబ్దాలుగా చేర్చిన ఆకృతుల నుంచే. అది ప్రతి అమైనో ఆమ్లానికీ నమ్మకపు విలువ ఒకటి ఇస్తుంది; నూటికి ఆ విలువ 50 కంటే తక్కువగా ఉన్న చోట, తరచుగా ఆ భాగానికి స్థిరమైన ఆకృతే ఉండదు. ఆ విషయం తెలియని వారు తెర మీద కనబడే రిబ్బను లాంటి ప్రోటీన్ బొమ్మను నిజమనుకుంటారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం 1963లో ప్రకటించిన, ప్రోటీన్ గొలుసు ఏ కోణాలలో మలుపు తిరగగలదో చూపే పటాన్నే, ఏ కొత్త ఆకృతి సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఇప్పటికీ తీస్తారు. పక్క గొలుసు లేని గ్లైసిన్‌కు ఆ పటంలో అంత విశాలమైన చోటు ఎందుకుందో, ప్రోలిన్‌కు ఎందుకు లేదో చెప్పగలిగిన విద్యార్థికి పని లేకుండా పోదు.

కోర్సు పేరు చూసి చేరవద్దు, సిలబస్ తెప్పించుకోండి. గణాంక శాస్త్రమూ అల్గారిథమ్‌లూ లేకుండా సాఫ్ట్‌వేర్ వాడకం మాత్రమే నేర్పే చోట రెండేళ్లు గడపడం నష్టం. మీకు దగ్గరలో ఎలక్ట్రానిక్ సిటీలో ఇటువంటి కోర్సులు నడిపే ఐబీఏబీ అనే సంస్థ ఉంది. పీహెచ్‌డీ దాకా వెళ్లాలనుకుంటే, మా ఊళ్లో తరమణిలోని గణితశాస్త్ర సంస్థలో కంప్యుటేషనల్ బయాలజీ విభాగం ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం మద్దతుతో నడిచే పీజీ కోర్సులకు గ్యాట్-బి అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అక్కా, సర్, ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇరవై గళ్లూ నింపాను. చివరి గడిలో 1 వచ్చింది. అయితే ఆ విలువ ఏ గళ్ల మీదుగా వచ్చిందో చూస్తూ చివరి గడి నుంచి వెనక్కి వస్తుంటే ఒకచోట రెండు దారులు సమానంగా కనబడ్డాయి: ఖాళీని మొదటి టికి ఎదురుగా పెట్టినా, రెండో టికి ఎదురుగా పెట్టినా అదే 1 వస్తోంది. నేనేమైనా పొరపాటు చేశానా?

జవాబు 2 రాసినవారు

పొరపాటు లేదు, రెండూ సరైనవే. పక్కపక్కనే ఉన్న రెండు టిలలో ఏది పోయిందో ఆ వరుసను మాత్రమే చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే ఫైళ్లలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: వీసీఎఫ్‌లో ఇలా అక్షరం పోయిన చోటును వీలైనంత ఎడమకు జరిపి రాస్తారు, రోగుల నివేదికలలో వాడే హెచ్‌జీవీఎస్ పద్ధతిలో జన్యువు చివరి వైపుకు జరిపి రాస్తారు. రెండింటినీ పోల్చేటప్పుడు ఇది గుర్తు లేకపోతే ఒకే మార్పు రెండు వేర్వేరు మార్పులుగా కనబడుతుంది. ఇప్పుడు ఎ-టి-టి-టి-జితో చేసి చూడండి; ఈసారి ఖాళీలు రెండు వస్తాయి, దారులు ఎన్నో లెక్కపెట్టి ఇక్కడే రాయండి.