‘హార్స్-హై, బుల్-స్ట్రాంగ్, హాగ్-టైట్’ : తెలుగులో ఏమందాం?

ఏమ్స్, అయోవా నుంచి:
అందరికీ నమస్కారం. ఇక్కడ అమెరికాలో, మా పక్క ఊళ్లో మొక్కజొన్న రైతు ఒకాయన ఉన్నాడు, డెబ్బై దాటాయి. ఆయన మాటలు వీడియో తీశాం, నేను తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తున్నాను. ట్రాక్టరు, లాయరు, పక్కింటి కుక్క, పలచటి కాఫీ, దేనిమీదైనా ఆయనకు ఒక అభిప్రాయం సిద్ధంగా ఉంటుంది. కంచె ఎలా ఉండాలని అడిగితే ‘హార్స్-హై, బుల్-స్ట్రాంగ్, హాగ్-టైట్’ అన్నాడు. తర్వాత కౌలు అగ్రిమెంటునూ అదే మాటతో మెచ్చుకున్నాడు. చివరికి కొత్త ట్రాక్టర్లోని సాఫ్ట్‌వేర్‌ను అదే మాటతో తిట్టాడు. మెషిన్ అనువాదం ‘గుర్రమంత ఎత్తు, ఎద్దంత బలం, పందంత బిగువు’ అని ఇచ్చింది. పందికి బిగువేమిటి? పైగా ఇదంతా స్క్రీన్ మీద ఒక్క లైన్లో పట్టాలి.

తెనాలి నుంచి:
మేడమ్, అది పోలిక కాదు, పరీక్ష. గుర్రం దూకి దాటలేనంత ఎత్తు, ఆబోతు తోసినా పడనంత గట్టి, పంది మూతి పెట్టినా దూరడానికి సందు లేనంత దట్టం. ‘అంత’ వేసి తెలుగు చేస్తే అర్థమే తిరగబడుతుంది. పంది ఇక్కడ ఉపమానం కాదు, దొంగ.

ఇంకో మాట. ఈ వాక్యానికి తెలుగులో అచ్చు వెతుక్కోనక్కర్లేదు, చిన్నప్పటి కథల్లోనే ఉంది: కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి. జంతువు పేరు, వ్యతిరేక క్రియ, ఆ తర్వాత వస్తువు. అడవి ఎంత దట్టమో కొలతల్లో చెప్పకుండా, ఎవరు దూరలేరో చెప్పి ఊరుకున్నారు మనవాళ్లు. అమెరికా రైతు చేసిందీ అదే. కాబట్టి: ‘గుర్రం దూకని, ఎద్దు తొయ్యని, పంది దూరని కంచె.’

సిద్దిపేట నుంచి:
మాస్టారూ, అంతా బాగుంది కానీ ఎద్దు దగ్గర ఒప్పుకోను. ఎద్దంటే విత్తులు కొట్టించి కాడికి అలవాటు చేసినది. పొద్దంతా దున్నొచ్చి గడ్డి తిని పడుకుంటది, అది కంచె జోలికెందుకు పోతది? బుల్ అంటే ఆబోతు, లేకుంటే కోడె. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించే మాకు ఆ తేడా బాగా తెలుసు. ‘కోడె కూల్చని కంచె’ అనండి, క-క-క కూడా కలుస్తది.

తెనాలి నుంచి:
కోడెకు నా ఓటు కూడా. పోట్లగిత్త అన్నా నడుస్తుంది కానీ లైను పొడుగైపోతుంది.

డాలస్ నుంచి:
ఈ మాట పుట్టినప్పుడు దాని వెనక ఉన్నది తీగ కాదు, చెట్టు. ఇల్లినాయ్ మైదానాల్లో కంచెలకు సరిపడా కలప లేదు, రాయి లేదు. జాక్సన్‌విల్‌లో ప్రొఫెసరుగా ఉన్న జోనథన్ బాల్డ్విన్ టర్నర్ ఆసేజ్ ఆరెంజ్ అనే ముళ్ల చెట్టును వరసగా దగ్గరదగ్గరగా నాటి, కత్తిరిస్తూ పెంచమని 1840ల నుంచి ప్రచారం చేశాడు. ఆ సజీవ కంచెను పొగిడిన తీరే ఇది. కొన్నిచోట్ల ‘హాగ్’ బదులు ‘పిగ్’ అంటారు. పేరులో ఆరెంజ్ ఉన్నా అది నారింజ జాతి కాదు, మన పనస, మర్రి, మల్బరీల కుటుంబం. మా టెక్సస్‌లో దాన్ని ‘బోడార్క్’ అంటారు. ఆ కలపతో అక్కడి ఆదివాసులైన ఆసేజ్ తెగవాళ్లు విల్లులు చేసేవారు, అందుకని ఫ్రెంచివాళ్లు ‘విల్లు కట్టె’ అనే అర్థంలో బ్వాదార్క్ అన్నారు. జనం నోట్లో పడి అది అలా అయింది.

1874లో ఇల్లినాయ్‌లోనే డికాల్బ్ అనే ఊరి రైతు జోసెఫ్ గ్లిడెన్‌కు ముళ్లతీగ పేటెంటు వచ్చాక చెట్ల కంచెల పని తగ్గిపోయింది. అయినా పాత చెట్లు నరికి ఆ తీగకే గుంజలుగా వాడుకున్నారు. ఆ కర్ర భూమిలో పాతినా అంత త్వరగా పుచ్చదు.

అందుకే ‘కంచె’ అనే మాట మీద కూడా ఒకసారి ఆలోచించండి. సజీవంగా పెరిగే ముళ్ల కంచెకు మనకు ‘వెలుగు’ ఉంది కదా?

తెనాలి నుంచి:
ఉంది, సి.పి. బ్రౌన్ నిఘంటువులోనూ ఉంది. కానీ సబ్‌టైటిల్లో ‘పంది దూరని వెలుగు’ అని కనబడితే జనం దీపం అనుకుంటారు. కంచె అనే ఉంచండి. ‘దడి’ కూడా వద్దు, తాటాకు దడిని కోడె కొమ్ముతో ఒక్కటి విసిరితే పోతుంది.

అనంతపురం నుంచి (వృత్తిరీత్యా వకీలు):
ఈ మాటలో చట్టం కూడా ఉంది, దాన్ని వదలొద్దు. పశువు పక్క చేలో పడితే తప్పెవరిది? ఇంగ్లండు పాత న్యాయంలో పశువు గలవాడిది. కానీ అమెరికాలో మొంటానా లాంటి పడమటి రాష్ట్రాల్లో పశువులు బయట తిరగడం హక్కు, పంట కావాలంటే చేను గలవాడే కంచె వేసుకోవాలి. వేసుకోకపోతే నష్టపరిహారం అడిగే వీలుండదు. మరి ఎలాంటి కంచె వేస్తే వేసినట్టు? అక్కడ చట్టానికి నిర్వచనం కావాలి. ఇలాంటి సామెతలు ఆ నిర్వచనానికి నోటిమాట రూపం.

మన దగ్గర దారి వేరు. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ప్రకారం చేలో పడ్డ పశువును రైతు పట్టుకుని 24 గంటల్లోగా బందెలదొడ్డికి తోలించవచ్చు, పశువు గలవాడు డబ్బు కట్టి విడిపించుకోవాలి. అంటే మన చట్టం చూసేది పశువును, కంచె ఎత్తును కాదు. మన సామెతల్లో కంచెకు కొలతలు లేకపోవడానికి ఇదో కారణమని నా అనుమానం. కంచె మన సామెతలోకి వస్తే అదే చేను మేస్తుంది!

ఏమ్స్, అయోవా నుంచి:
వకీలు గారూ, మా పెద్దాయన వింటే మీకు కాఫీ పోసేవాడు. అయోవా పడమర కాదు, ఇక్కడ పశువును కట్టడి చేయాల్సింది పశువు గలవాడే. అయినా పక్కపక్క పొలాల మధ్య కంచెకు చట్టంలో కొలతలున్నాయి: మూడు ముళ్లతీగలైతే ఒక రాడ్ పొడవుకు, అంటే పదహారున్నర అడుగులకు, రెండు మొనల ముళ్లు 36కి తగ్గకూడదు, నాలుగు మొనలవైతే 26కి. పై తీగ 48 నుంచి 54 అంగుళాల ఎత్తులో ఉండాలి. పెద్దాయన ఇది చెప్పి, ‘ముళ్లు లెక్కపెట్టే పని లాయరుది, గుర్రాన్ని అడగడం నా పని’ అన్నాడు. ఈ లైను మాత్రం నాకు సులువుగానే వచ్చింది.

ఆ కంచె వేసే పనిలో ఎవరి వాటా ఎంత అనేదానికి కుడిచేతి ఆనవాయితీ ఉంది. ఇద్దరు పొరుగువాళ్లు హద్దు మధ్యలో ఎదురెదురుగా నిలబడితే ఎవరి కుడివైపు సగం వాళ్లది. మా నల్లగొండ గట్టు తగాదాలు తలుచుకుంటే ఇది ఎంత తేలికో అనిపించింది. కానీ ఇక్కడా కొట్టుకుంటారు, అప్పుడు టౌన్‌షిప్ ట్రస్టీలు, అంటే ఎన్నికైన స్థానిక పాలకులు, వచ్చి కంచె చూసి తేలుస్తారు. వాళ్లను ‘ఫెన్స్ వ్యూయర్స్’ అంటారు. దీనికీ మాట కావాలి.

విచిత్రమేమిటంటే ఆయన పొలంలో గుర్రం లేదు, ఆబోతు లేదు. అమెరికాలో పందుల పెంపకంలో అయోవాదే మొదటి స్థానం, కానీ దాదాపు అన్నీ షెడ్లలోనే ఉంటాయి. కంచె దాకా వచ్చే పందే లేదు.

సిద్దిపేట నుంచి:
అయితే ట్రాక్టర్ సంగతేంది అక్కా? అక్కడ పంది ఎవరు?

ఏమ్స్, అయోవా నుంచి:
ఆయనే! పాత ట్రాక్టరైతే పానా పట్టుకుని కొట్టంలో తనే విప్పి బిగించుకునేవాడు. కొత్తదానిలో సెన్సార్ పోతే ఎర్రర్ కోడ్ తీసేయడానికి డీలర్ దగ్గరున్న సాఫ్ట్‌వేర్ కావాలి, కోత రోజుల్లో మెకానిక్ కోసం కాచుకోవాలి. ‘హాగ్-టైట్‌గా చేశారు, పంది మాత్రం నేను’ అంటాడు. రైతు తన యంత్రాన్ని తను బాగుచేసుకునే హక్కు మీద కొలరాడో 2023లో చట్టం చేసింది, 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. అలాంటిది అయోవాకూ రావాలని ఆయన గొడవ. ఇక్కడ ‘కంచే చేను మేసింది’ అని పెట్టేయనా?

అనంతపురం నుంచి:
వద్దమ్మా. కాపాడాల్సినవాడే తినేస్తే ఆ సామెత. ఇక్కడ కంచె ఏమీ తినడం లేదు, చేను గలవాణ్ణే బయట నిలబెట్టింది. అది వేరే తప్పు.

డాలస్ నుంచి:
‘చీమ దూరే సందు లేదు’ అంటే చూసేవాళ్లకు తక్షణం అర్థమవుతుంది.

తెనాలి నుంచి:
అర్థమవుతుంది, జోకు చస్తుంది. తనను తాను పంది అనుకోవడంలోనే కదా ఆయన కోపమంతా ఉంది. కంచె దగ్గర పందిని ఒకసారి పరిచయం చేశారు కాబట్టి ట్రాక్టర్ దగ్గర మళ్లీ అదే పందిని రప్పించండి.

ఏమ్స్, అయోవా నుంచి:
సరే, ఇలా పెడుతున్నాను. కంచెకు: ‘గుర్రం దూకని, కోడె కూల్చని, పంది దూరని కంచె.’ అగ్రిమెంటుకు: ‘చీమ దూరే సందు లేకుండా రాయించాడు’, అక్కడ జోకు లేదు కాబట్టి డాలస్ అన్న మాట వాడుకుంటున్నాను. ట్రాక్టరుకు: ‘పంది దూరకుండా కంచె కట్టారు, ఆ పందిని నేనే.’ ఫెన్స్ వ్యూయర్స్‌కు ‘కంచె పరిశీలకులు’ అని రాస్తే గవర్నమెంటు జీవోలా ఉంది.

సిద్దిపేట నుంచి:
పెద్దమనుషులు అని రాయక్కా. హద్దు కాడ నిలబడి తీర్పు చెప్పేటోళ్లను మనం ఇంకేమంటం?

అనంతపురం నుంచి:
వాళ్ల మాటకు అక్కడ చట్టం బలం ఉంది, మన పెద్దమనుషులకు లేదు. అయినా సబ్‌టైటిల్‌కు అభ్యంతరం లేదు.